చెవిలో మొగుడు

పశువైద్యుల సదస్సుకు విశాఖ వెళ్లిన హైమవతికి ఆదివారం ఖాళీ దొరికింది. ఊరు చూడటానికి ఆమె ఒంటరిగా బయలుదేరలేదు. భర్త చక్రధర్ గొంతు చెవిలో ఉంది. దూరం వెళ్లేవాళ్లంతా ఇప్పుడు ఇంట్లోవాళ్ల గొంతుకు, మాటతీరుకు, తనంత తానే మాట్లాడే యంత్రపు నకలు తీయించి చెవిలో పెట్టుకుంటున్నారు. అసలు చక్రధర్ ఖమ్మంలో బట్టలు ఆరేసుకుంటున్నాడు.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది.

“ఫిషింగ్ హార్బర్ చూశాం. బస్సులో భీమిలి బీచ్ దాకా వెళ్లాం. ఎంత నవ్వించారో మీరు.”

“నేను కాదు, అది,” అన్నాడు చక్రధర్.

“అదే లెండి. నీళ్లలోకి ఎందుకు దిగవని అడిగింది. చిన్నప్పుడు కాలవలో కొట్టుకుపోయానని, అప్పట్నుంచీ భయమని చెప్పాను.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“మీరు అడగలేదు కదండీ.”

నిజమే. ఆమె ఒడ్డునే ఆగిపోయిన ప్రతిసారీ అతను ఆటపట్టించాడంతే. తన గొంతుతోనే ఇంకెవరో ఆ మాట అడిగి తెలుసుకున్నందుకు అతనికి కడుపు మండింది.

“రేపు పొద్దుటి రైలుకి వస్తున్నా. దాన్ని తీసెయ్.”

“రేపు మీటింగులున్నాయండీ.”

“అయ్యేదాకా బయట కూర్చుంటా. ఆ సంగతంతా నాకు మొదట్నుంచి చెప్పాలి.”



“దానికి చెప్పినంత తేలిగ్గా మీకు చెప్పలేనేమో,” అంది హైమవతి. “అయినా రండి.”