పసుపెక్కిన నీళ్లు

“మళ్లీ పైకొచ్చేశాయి! ఇనెస్, పక్కకి జరుగమ్మా!”

హార్లన్ బకెట్ వంచాడు. ఐసుముక్కలు గలగలమంటూ తొట్టిలో పడ్డాయి. తిలాపియా చేపలు ఒక్కసారి చెదిరి, మళ్లీ నీటి పైకే వచ్చి నోళ్లు తెరిచాయి. ఒకటి అప్పటికే వెల్లకిలా తేలుతోంది.

“ఇది రెండో బకెట్టు కదా అంకుల్?”

“రోజూ ఒకటే వేస్తాను. ఇవాళ ఎండ చూడు, తొండలు కూడా నీడకి పరిగెడుతున్నాయి. ఒకటి వేస్తే తేరుకోలేదు. అందుకే ఇంకోటి.”

అమెరికాలో ఎడారి మధ్యనున్న టూసాన్‌లో జూన్ నెల. నీడగుడ్డ కట్టినా తొట్టి దగ్గర నిలబడితే ఒళ్లు కాలుతోంది. పంపు మాత్రం బాగానే ఆడుతోంది. చేపల నీళ్లు పైనున్న గులకరాళ్ల మడిలోకి ఎక్కి, ఆకుకూరల వేళ్లు తడిపి, తేటపడి మళ్లీ తొట్టిలోకి జారుతున్నాయి.

నిరుడు వేసిన చేపలన్నీ ఇలాగే పోయాయి. ఈసారీ పోతే తొట్టి ఎత్తేస్తానని తల్లి ఎల్విరా ఇనెస్‌కి మాటిచ్చింది. ఆ మాట గుర్తొచ్చి ఇనెస్ తొట్టివైపు చూసింది. తొట్టి పోవడం ఆమెకి పెద్ద బాధేం కాదు. హార్లన్ ముఖం చూస్తేనే జాలేసింది.

అతనిది పక్కిల్లు. క్రేన్ నడిపి రిటైరైన మనిషి. భార్య పోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలగడం ఎవరూ చూడలేదు. రోజూ మధ్యాహ్నం చేపల్ని చూడ్డానికి వస్తాడు, ఎల్విరా వడ్డించింది తిని వెళతాడు.

“మీ అమ్మ ఏదమ్మా? ఈపాటికి వచ్చేయాలే!”

“చర్చి వంటశాలలో ఆలస్యమైందట. దారిలో ఉంది.”

ఇనెస్ పనిచేసేది ఈతకొలనుల మందులు అమ్మే షాపులో. కారులోంచి పెట్టె తెచ్చి, తొట్టి నీళ్లు గాజుగొట్టంలో పట్టి రెండు చుక్కలు వేసింది.

నీళ్లు పసుపెక్కాయి.

“క్లోరిన్!” అంది. “ఎండ కాదు అంకుల్, ఇందులో క్లోరిన్ ఉంది!”

అప్పుడే గేటు తీసుకుని ఎల్విరా వచ్చింది. తేలుతున్న చేపను చూసింది. సంచీ కుర్చీలో పెట్టి, అరుగు మీదున్న సీసా అందుకుంది.

“అమ్మా, ఎవరో క్లోరిన్ కలిపారు!”

“విన్నానులే. అరవకు, చేపలు బెదురుతాయి.”

ఇనెస్ హార్లన్ వైపు తిరిగింది. “అంకుల్, పొరపాటున కుళాయి నీళ్లు గానీ పోశారా?”

“నేనా? డ్రమ్ములో రెండ్రోజులు నిలవుంచినవే పోస్తాను. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుందని మీ అమ్మ మొదటిరోజే చెప్పింది.” హార్లన్ బకెట్ కింద పెట్టేశాడు. “నా చేతి మీదుగా ఒక్క చేప పోయిందని తేలితే, అమ్మాయ్, మళ్లీ ఈ గేటు తియ్యను. ఒట్టు!”

సీసా మూత తిప్పుతున్న ఎల్విరా చెయ్యి ఒక్కక్షణం ఆగింది.

“ఒట్లెందుకు, పెద్దమనిషీ? మిమ్మల్ని ఎవరేమన్నారు?”

“మరెవరు? ఆ అటుపక్కింటి బ్రిక్సీయే! వాడి ఈతకొలను గోడకి అవతలే ఉంది. పిల్లలు దూకినప్పుడు నీళ్లు ఇటు చిందిపడి ఉంటాయి. ఇవాళ వాడి సంగతి తేలుస్తాను!”

“ఆగండి అంకుల్!”

ఆగలేదు. గేటు దడాలున కొట్టుకుంది. వెనకే ఇనెస్ పరిగెత్తింది. ఎల్విరా సీసాలోంచి చిటికెడు తెల్లటి పలుకులు తీసి తొట్టిలో వేసి, మెల్లగా కలిపింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి హార్లన్ చెవులు ఎర్రబడి ఉన్నాయి.

“కొలను ఎండిపోయి ఉంది,” అన్నాడు తలదించుకుని. “మార్చి నుంచీ చుక్క నీరు లేదట. పైగా చల్లటి బీరు ఇచ్చి కూర్చోమన్నాడు, వెధవ.”

“తాగి రావాల్సింది,” అంది ఎల్విరా.

“నాకసలే... అరే! చూడండి, చూడండి!”

చేపలు కిందికి దిగాయి. ఒక్కొక్కటే తోక ఆడిస్తూ తొట్టి చుట్టూ తిరుగుతున్నాయి. హార్లన్ ముఖం వెలిగిపోయింది.

“చెప్పానా? చల్లదనం తగిలేసరికి ప్రాణం లేచొచ్చింది! ఇంకో బకెట్టు తెస్తాను.”

“తెండి. తొట్టిలోకి కాదు, నిమ్మరసంలోకి. చేతులు కడుక్కుని రండి, భోజనం పెడతాను.”

అతను ఈలవేసుకుంటూ వెళ్లాడు. ఇనెస్ మళ్లీ నీళ్లు పట్టి చుక్కలు వేసింది. ఈసారి రంగు రాలేదు.

“క్లోరిన్ ఇంత త్వరగా దానంతటది పోదు. ఏమేశావమ్మా ఇందులో?”

“ఉప్పు. చేపలకి బలమని.”

ఇనెస్ సీసా తీసి చూసింది. ఆ పలుకులు తను రోజూ తూచి అమ్మేవే.

“ఇది ఉప్పా? నాకే చెబుతున్నావా? ఇది క్లోరిన్‌కి విరుగుడు! ఎన్నాళ్లుగా వేస్తున్నావు?”

“నిరుడు చేపలు పోయినప్పట్నుంచి. రోజూ ఇంటికి రాగానే. ఇవాళే ఆలస్యమైంది.”

“అంటే నీకు ముందే తెలుసు! అంకుల్ పాపం బ్రిక్సీ మీదకి యుద్ధానికి వెళ్తుంటే చూస్తూ ఊరుకున్నావా?”

“బ్రిక్సీ మంచివాడు. గొడవ పడడని తెలుసు.”

“మాట మార్చకు. డ్రమ్ము నీళ్లలో క్లోరిన్ లేదు, గోడ అవతల నీళ్లే లేవు. మరి ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎవరమ్మా చేస్తున్నది?”

ఎల్విరా మూడు కంచాలు బల్లమీద సర్దింది. హార్లన్ కుర్చీని నీడలోకి జరిపింది. పక్కింటి తలుపు చప్పుడైంది, ఈల దగ్గరవుతోంది. ఆమె కూతురి చెవి దగ్గరికి వంగింది.

“కుళాయి నీళ్లతో చేసిన హార్లన్ ఐసే, అతనికి మాత్రం చెప్పకు.”