గుంటలో ఉప్పు

"హలో! హలో! దొరగారూ, తమరు చెప్పేది వినబడటం లేదండీ!"

లంబసింగి ఘాటు మీది అటవీ బంగళాలో గుమస్తా వరహాలరావు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఫోను చెవికి ఆనించుకుంటే ఠాణా దొరగారి మాటకు బదులు ఒకటే రొద, తేనెటీగల తుట్టెలో తల పెట్టినట్టు.

గుమ్మంలో యర్రమ్మ చేతులు జోడించుకుని నిలబడింది. వారం కిందట ఆమె మొగుడు గాసిని ఘాటు కింది ఠాణాకు పట్టుకుపోయారు. సర్కారు సొత్తు దొంగిలించాడన్నారు. ఏ సొత్తో ఆమెకెవరూ చెప్పలేదు. మొన్ననే ఈ కొండెక్కిన వరహాలరావుకూ తెలియదు. ఈ పూట తేలకపోతే గాసిని మధ్యాహ్నం బండిలో రాజమండ్రి జైలుకు పంపించేస్తారు.

"ఏటంతన్నారు బాబూ? ఒగ్గేత్తారా?"

"'సొత్తు' అన్నారు. 'వది' అన్నారు. తర్వాతంతా రొదే. వదిలేస్తామనో, వదిలేది లేదనో... నాకేం తెలుసమ్మా!"

ఫోనుకు ఉన్నది ఒకటే తీగ. మాట వెళ్లడానికి ఆ తీగ, తిరిగి రావడానికి కాళ్ల కింది నేల. నేల ఎండిందా, ఇక అంతే సంగతులు. రొద వస్తే, తీగను నేలకు కలిపే ఎర్తు గుంటలో ఉప్పు వేసి తడపాలని గోడకు కాగితం అంటించి ఉంది.

ఇద్దరూ బంగళా వెనక్కి వెళ్లి చూశారు. గుంట ఎండి బీటలు వారింది. పాతిన రాగిరేకు అంచు బయటపడింది. చుట్టూ మేకల గిట్టల గుర్తులే.

"రోజూ దీనికి నీళ్లు పోసేదెవరు?"

"మా మావే బాబూ. ఆడిని అట్టుకుపోనాక ఎవులూ పొయ్యనేదు."

వరహాలరావుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్లు పోసేవాణ్ని పట్టుకుపోయి ఫోను పలకమంటే ఎలా పలుకుతుంది?

"నీళ్లు పోద్దాం సరే, ఉప్పేదీ? నా డబ్బాలో చిటికెడు కూడా లేదు. శుక్రవారం దాకా సంత లేదు."

యర్రమ్మ తన ఇంట్లో ఉన్న ఉప్పు కోసం పరుగెత్తింది. తట్టెడు చింతపండు నెత్తిన పెట్టుకుని, ఘాటు దిగి వెళ్లి మార్చుకొచ్చిన ఉప్పది. వానలు వెలిసేదాకా ఇంటిల్లిపాదికీ అదే ఆధారం. రొప్పుతూ తిరిగొచ్చి, సొరబుర్ర బోర్లించి ఆఖరి ఉప్పుగల్లు దాకా గుంటలో పోసేసింది. పైన రెండు కుండల నీళ్లు కుమ్మరించింది.

అప్పుడే ఎక్కడినుంచో ఒక మేక వచ్చి గుంట అంచు నాకబోయింది.

"ఛీ! పోయే!" రాయి విసిరింది యర్రమ్మ. "ఉప్పు కోసరం ఎగబడతాయి బాబూ. మావ రోజూ తోల్తానే ఉండేవోడు."

వరహాలరావు లోపలికి ఉరికి హేండిలు గిర్రున తిప్పాడు. రొద లేదు! దొరగారు పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టే ఉంది.

"ఇంతసేపేమిటయ్యా! ఆ సొత్తు గాసి ఇంట్లో దొరికిందా, లేదా? దొరక్కపోతే సాక్ష్యం లేదు, ఇప్పుడే వదిలేస్తాను."

"ఏమీ దొరకలేదండీ!" అన్నాడు వరహాలరావు, ప్రాణం లేచొచ్చి. యర్రమ్మ వైపు తిరిగి, "వదిలేస్తారటమ్మా!" అన్నాడు.

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. గుమస్తా బుద్ధి ఊరుకోనిస్తుందా?

"ఇంతకీ ఏం సొత్తండీ అది?"

"ఇంకేముంది? మీ ఎర్తు గుంటలో వేసిన సర్కారు ఉప్పు. ఎంత వేసినా మాయమైపోతోందట."

"ఉప్పా?" అన్నాడు వరహాలరావు.

ఉప్పు మాట వినగానే యర్రమ్మ ముఖం విప్పారింది. తన ఉప్పు సంగతి దొరగారి దాకా వెళ్లిందనుకుంది. ఒక్క అంగలో వచ్చి, వరహాలరావు అరచెయ్యి అడ్డుపెట్టేలోపే ఫోనులోకి గట్టిగా చెప్పేసింది.

"అవును దొరబాబూ! ఆ ఉప్పు మా ఇంట్లోనే ఉన్నాది! ఇప్పుడే నానే తెచ్చి గుంటలో పోసినాను!"