తెర మీద శనివారం

"నువ్వక్కడ లేవురా వెండెల్. ఒట్టి కోతలు," అన్నాడు గస్.

లైబ్రరీ హాల్లో అందరూ నవ్వారు. ఊళ్లోని ముసలివాళ్లంతా మధ్యాహ్నం ఆటకు వచ్చారు. అరవై తొమ్మిదిలో మిస్సోరీ పొలాల్లో జరిగిన రాక్ సంగీతోత్సవం మీద తీసిన డాక్యుమెంటరీ అది. ఆ వయసువాళ్లలో తాను వెళ్లలేదని ఒప్పుకునేవాడు దొరకడు. అంతమందీ వెళ్లి ఉంటే ఆ పొలం పక్క రాష్ట్రం అయోవా దాకా సాగి ఉండాలి.

వెండెల్ క్రౌస్ మాత్రం ఇంకో అడుగు ముందుకేసేవాడు. అక్కడ కరెంటు షాకు కొట్టిన కుర్రాణ్ని మోసిన నలుగురిలో తానొకణ్నని చెప్పేవాడు. అందుకే అందరికన్నా అతన్నే ఎక్కువ ఏడిపించేవాళ్లు.

ఇప్పుడు అతని ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. ఊపిరితిత్తులు పోయాయి. క్రిస్మస్ దాకా కష్టమేనని అతని కూతురు జోడీకి డాక్టరు చెప్పేశాడు. పోయేలోగా తన మాట ఒక్కసారి నమ్మితే చాలు, వెండెల్ ఇంకేమీ కోరడం లేదు.

దీపాలు ఆర్పారు.

తెర మీద వాన. బురదలో దొర్లుతున్న పిల్లలు. ముందు వరసలో ఎవరో కిసకిస నవ్వారు. వెర్నా అనే ఆవిడ లేచి నిలబడింది.

"మా తమ్ముడు ఆ వారమే వియత్నాంలో పోయాడు. వీళ్లు ఇక్కడ దొర్లుతున్నారు," అని బయటికి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం అని అక్షరాలు పడ్డాయి. గాలికి వేదిక పక్కన తీగ తెగింది. ఒక కుర్రాడు తడి నేల మీద పడిపోయాడు. చెక్క తలుపు ఒకటి తెచ్చి, దాని మీద పడుకోబెట్టి నలుగురు పరిగెత్తారు. కుర్రాడి చెయ్యి వేలాడుతోంది.

"ఆపండి. ఒక్కసారి వెనక్కి తిప్పండి," అందో గొంతు.

కొలీన్ అనే పెద్దావిడ. పొద్దుటి నుంచీ చేతిలో రికార్డరుతో, ఆ ఉత్సవం గురించి ఏం గుర్తుందని అందరినీ అడుగుతోంది. సినిమావాళ్ల మనిషే అనుకున్నారంతా.

బొమ్మ వెనక్కి వెళ్లి ఆగింది. తలుపు ముందు కొస పట్టుకున్నవాడు పసుపు రెయిన్‌కోటులో ఉన్నాడు. ఎడమ చెవి తమ్మె లేదు.

అందరూ తిరిగి వెండెల్ వైపు చూశారు. చిన్నప్పుడు కుక్క కొరికేసిన ఆ చెవి ఊరందరికీ తెలిసిందే.

"ఒరేయ్," అన్నాడు గస్. లేచి వచ్చి వెండెల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్లూ నిన్ను అబద్ధాలకోరన్నాను. నేనే వెధవనురా."

"వాడు దారంతా అమ్మా అమ్మా అంటూనే ఉన్నాడు," అన్నాడు వెండెల్. "అంబులెన్సు దగ్గరికి వచ్చేసరికి మానేశాడు."

జోడీ ఏడ్చింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చివరికి కొట్టారు.

కొలీన్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"రికార్డు కోసం మీ పూర్తి పేరు చెబుతారా?"

"వెండెల్ ఆగస్ట్ క్రౌస్."

"తెర మీద ఉన్నది మీరేనా?"

"నేనేనమ్మా. ఇంకెవరికుంది ఈ చెవి?"

"ఆ రోజు ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉన్నారక్కడ?"

"శుక్రవారం రాత్రి వెళ్లాను. ఆదివారం తిరిగొచ్చాను."

"మరి ఉద్యోగం?"

వెండెల్ నవ్వబోయి దగ్గాడు. గొట్టం సర్దుకున్నాడు. "అప్పుడు అక్కడికి ఐదొందల మైళ్ల దూరంలో, ఒహాయోలో ఉండేవాణ్ని. పెట్రోలు బంకులో పని. తాళం వేసి, ఎవరి వ్యానో ఎక్కేశా. శనివారమంతా బంకులోనే ఉన్నానని ఓనరుకి చెప్పా. లేకపోతే పీకేసేవాడు. ఒకసారి చెప్పాక ఇక మార్చలేం కదా. అక్కడ ఎవరడిగినా అదే చెప్పుకొచ్చా."

"దొంగ సచ్చినోడా," అన్నాడు గస్. హాలంతా నవ్వింది. వెండెల్ కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

కొలీన్ రికార్డరు కట్టేసింది. గస్‌ను, లైబ్రరీ ఆవిణ్ని అడిగి, ఈ మాటలు విన్నామని వాళ్ల చేత సంతకాలు చేయించుకుంది.

జోడీ గుమ్మం దాకా వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"మీ పుణ్యమా అని మా నాన్న మనశ్శాంతిగా పోతాడు. మీరు ఆ సినిమా కంపెనీలో చేస్తారు కదండీ?"

"లేదమ్మా," అంది కొలీన్.

ఆ శనివారం మధ్యాహ్నం ఒహాయోలో బంకు ముందు నుంచి నెత్తుటి చొక్కాతో పరిగెత్తడం కళ్లారా చూశానని వెండెల్ కోర్టులో బైబిలు మీద చెయ్యేసి చెప్పిన ఒకే ఒక్క సాక్ష్యంతో హత్య కేసులో యావజ్జీవం పడిన కొలీన్ అన్న, ఇప్పటికీ జైల్లోనే ఉన్నాడు.