రావికమతం రోడ్డులో చప్పుడు

“నిన్న మళ్లీ పేలింది, ఇసాకూ,” అన్నాడు త్రినాధరావు షెడ్డులోకి వస్తూనే.

ఇసాక్ చేతిలోని రెంచి కింద పెట్టాడు. మూడు వారాల్లో ఇది అయిదోసారి.

త్రినాధరావు అనకాపల్లిలో బెల్లం వర్తకుడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత పికప్ బండి ఒకటి కొని, రావికమతం వైపు నుంచి బెల్లం తోలిస్తున్నాడు. ఆ బండి దారిలో ఉన్నట్టుండి ఊపు తగ్గి తడబడుతుందట. మరుక్షణం సైలెన్సరులోంచి తుపాకీ పేలినట్టు చప్పుడట. నిన్న బెల్లం మీద కూర్చున్న కళాసీ ఒకడు ఉలిక్కిపడి కిందికి జారబోయాడట.

బండి మొదటిసారి వచ్చినప్పుడు ఇసాక్ కార్బురేటరు విప్పితే అడుగున తుప్పు, నలకలు కనిపించాయి. కడిగి బిగించాడు. అయినా పేలుతోందంటే ప్లగ్గులు మార్చాడు. పాయింట్లు రుద్దాడు. టైమింగు రెండుసార్లు సరిచూశాడు. షెడ్డు ముందు ఎంతసేపు ఆడించినా ఇంజను ఒక్క దెబ్బ తప్పేది కాదు. రోడ్డెక్కితే పేలేది.

చప్పుడు విని జబ్బు చెప్పే మనిషని ఇరవయ్యేళ్లుగా అతనికి బజారులో పేరు. ఇప్పుడు కళాసీలు అతన్ని చూసి నోటితో ‘ఢాం’ అని నవ్వుకుంటున్నారు. ఇసాక్ బెల్లం బజారు మీదుగా వెళ్లడం మానేసి, సందుల్లోంచి చుట్టు తిరిగి ఇంటికి పోతున్నాడు.

“రేపు నేనూ బండిలో వెళతాను బాబూ. నా చెవులతో వింటే గానీ తెలీదు,” అన్నాడు.

డ్రైవరు సత్తియ్య వద్దని చూశాడు. ఎండ అన్నాడు, గతుకులన్నాడు. ఇసాక్ వినలేదు.

మర్నాడు పొద్దున్నే ఖాళీ బండి బయలుదేరింది. ఇసాక్ సత్తియ్య పక్కన కూర్చుని, ఇంజను వినడానికి కళ్లు మూసుకున్నాడు. చోడవరం దాటినా తేడా లేదు. ఇంకో అయిదారు మైళ్లు పోతే రావికమతం వస్తుందనగా ఇంజను ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. ఇసాక్ కళ్లు తెరిచాడు.

సత్తియ్య తలమీది తువ్వాలు మొహం మీదికి లాక్కుని ఉన్నాడు. అతని వేళ్లు ఇంజను స్విచ్చి మీద ఉన్నాయి. ఇసాక్ చూస్తుండగానే ఆ వేళ్లు కట్టేసిన స్విచ్చిని మళ్లీ వేశాయి. వెనక ఢాం అని పేలింది.

రోడ్డుకు కాస్త దూరంగా ఒక తాటాకిల్లు. కంచె దగ్గర ఒక ఆడమనిషి నిలబడి రోడ్డుకేసి చూస్తోంది. బండి ఆ ఇల్లు దాటిపోయింది.

“ఆపరా,” అన్నాడు ఇసాక్. “నా పరువు తీసి నువ్వేటి బావుకున్నావు?”

సత్తియ్య బండి ఆపి, స్టీరింగు మీద తల వాల్చేశాడు. తల ఎత్తకుండానే చెప్పాడు. ఆమె అతని భార్య తలుపులమ్మ. ఇద్దరూ రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవారు. జపానువాళ్ల బాంబులు పడ్డాక రేవులో ఓడ ఎక్కడానికి జనం విరగబడ్డారు. ఆ తోపులాటలో సత్తియ్య నిచ్చెన మీదికి వచ్చేశాడు. తలుపులమ్మ కింద మూటతో ఉండిపోయి అతన్ని పేరు పెట్టి పిలిచింది.

“దిగడానికి టయిముండేది మామా,” అన్నాడు సత్తియ్య. “దిగలేదు.”

ఆరు నెలల తరవాత ఆమె జనంతో పాటు అడవులమ్మట నడిచి, చావు తప్పి, అక్క మరిడమ్మ ఇంటికి చేరిందని తెలిసింది. వెళ్లడానికి సత్తియ్యకు మొహం చెల్లలేదు. నాలుగేళ్లయింది. మొదటిసారి ఈ దారిన వచ్చినప్పుడు బండి నిజంగానే ఇక్కడ పేలింది. చూస్తే కంచె దగ్గర తలుపులమ్మ. ఇసాక్ ఇంజను బాగుచేశాక, స్విచ్చితో పేల్చడం సత్తియ్యే నేర్చుకున్నాడు.

“హారనయితే అందరూ కొడతారు. ఈ సప్పుడు నాదొక్కడిదే. ఇని వత్తాది మామా. తిట్టదు, లోపలికి పోదు. నాకదే సాలు.”

అనకాపల్లి చేరాక ఇసాక్ త్రినాధరావు ముందు నిలబడి, సత్తియ్య పేరెత్తకుండా, తల దించుకుని, ఆ జబ్బు పట్టుకోవడం తన వల్ల కాలేదన్నాడు.

మాట బజారంతా పాకింది. నెల తిరిగేసరికి షెడ్డుకి వచ్చే బళ్లు సగమయ్యాయి. నిజంగానే చేతకాలేదా అని భార్య అజ్మతున్నీసా అడిగితే ఇసాక్ చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు. దొంగతనం దాచినవాడిలా ఉంది అతనికి. ఇద్దరు మగాళ్లు సిగ్గుపడుతూ కూర్చుంటే ఆ తల్లి కంచె దగ్గర ఎన్నాళ్లు నిలబడాలి? ఒక శుక్రవారం నమాజు కాగానే సత్తియ్యకు చెప్పకుండా బస్సెక్కాడు.

తలుపులమ్మ అక్కడే ఉంది, రోడ్డుకేసి చూస్తూ. ఆ సంగతి ఆవిడతోనే నేరుగా ఎత్తలేక ఇసాక్ పక్క దారిన పెరట్లోకి వెళ్లాడు. అక్క మరిడమ్మ చింతపండు పిక్కలు తీస్తోంది. అనకాపల్లి నుంచి సత్తియ్య విషయమై వచ్చానన్నాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

“బతికే ఉన్నాడా బాబూ? ఎప్పటికైనా వత్తాడని అది పొద్దస్తమానం ఆ కంచె కాడే ఉంటాది. ఎవులు పిలిసినా కదలదు.”

“ఈ దారిన వస్తూనే ఉన్నాడమ్మా,” అన్నాడు ఇసాక్. “మొహం చూపించలేక, ఇక్కడికొచ్చేసరికి బండి పేలుస్తాడు. ఆ చప్పుడు విని ఆవిడ బయటికి వస్తోందని, తనని క్షమిస్తోందని అనుకుంటున్నాడు.”

మరిడమ్మ చెల్లెలి వీపుకేసి చూసింది.

“అడవిలో జొరమొచ్చి దాని సెవులు పోయేయి బాబూ.”