ఎవరి కుడి?

“పోయినసారి నన్ను ఓడించింది అవతలి స్కూలు కాదు నాన్నా, నువ్వే! నువ్వూ, మా సైన్సు మాష్టారూను! ఆయన పాఠం చెప్పడు. నువ్వు ప్రశ్న అడగవు. ఇక నేను గెలిచేదెట్లా?”

పొద్దున్నే చెప్పులు వేసుకుంటున్న తండ్రిని గుమ్మంలోనే నిలదీసింది తూటా. తొమ్మిదో తరగతి పిల్ల. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు పేల్చేస్తుందని బళ్ళో పెట్టిన పేరది. రేపే సైన్సు పోటీ. చదువుకోమని ఇవాళ సెలవిచ్చారు. ఈసారీ ఓడితే జట్టులోంచి పీకేస్తానన్నాడు ఆ పాఠం చెప్పని మాష్టారే!

తండ్రి పనికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఫోను మోగింది. పనిలో ఉంటే ఇంటి ఫోను ఎత్తని మనిషి, తనంతట తానే చేశాడు.

“తూటా! ప్రశ్నలడుగుతాను. గబగబా చెప్పాలి.”

తూటా ఎగిరి గంతేసింది. వంటింట్లోంచి కంచం, గరిటె తెచ్చుకుంది. పోటీలో బెల్లు కొట్టాకే జవాబు చెప్పాలి మరి. ఫోను స్పీకరులో పెట్టింది.

“చదువుకునే రోజుల్లో పుస్తకం తెరిస్తే ఒట్టు. ఇప్పుడు పుట్టుకొచ్చింది వీడికి శ్రద్ధ!” అంది పక్కనే కూర్చున్న నాయనమ్మ.

“అపెండిక్స్ ఎక్కడ…”

ఠంగ్! “పొట్టలో, కిందివైపు, కుడిపక్క!”

“ఎవరి కుడి? నిలబడ్డవాళ్ళదా, పడుకున్నవాళ్ళదా?”

నాయనమ్మ పకపకా నవ్వింది. “ఎవడి కుడి వాడిదేరా! పడుకుంటే కుడిచెయ్యి ఎడమచెయ్యి అవుతుందా?”

“నువ్వుండమ్మా! తప్పయితే మైనస్ మార్కులుంటాయి,” అన్నాడు తండ్రి.

అవతల కీ, కీ, కీ అని ఏదో మోగుతోంది. తన కోసం నాన్న నిజం బజరే తెప్పించాడని తూటాకి అర్థమైంది. వెంటనే ఎవరో మూలిగారు. ఓహో, పోటీకి ఇంకో జట్టును కూడా కూర్చోబెట్టాడన్నమాట! జవాబు తెలియక మూలుగుతున్నారు పాపం. తూటా గరిటె బిగించి పట్టుకుంది.

“ఇప్పుడు కెమిస్ట్రీ. నొప్పి తెలియకుండా చేసే వాయువు…”

ఠంగ్! “నైట్రస్ ఆక్సైడ్! నవ్వించే వాయువు అని కూడా అంటారు.”

“నవ్వడం లేదే?”

“ఎవరు?”

“ఎవరో ఒకరు. ఊరికే అడుగుతున్నా.”

“అయితే మోతాదు చాలలేదు నాన్నా!”

“కరెక్టు!” అన్నాడు తండ్రి. అవతలి జట్టు ఈసారి కెవ్వుమంది. ఓర్వలేనితనం కాకపోతే ఏమిటి!

“రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన మూలకం…”

ఠంగ్! “కాల్షియం!”

“ఆగడం లేదు…”

“నేనాగను నాన్నా! ఇంకా అడుగు!”

“చివరి ప్రశ్న. చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది పేగు, ఏది అపెండిక్స్ అని ఎలా…”

ఠంగ్! “పెద్దపేగు మొదట్లో వానపాములా వేలాడుతుంటుంది! దాని చివర మూసుకుపోయి ఉంటుంది!”

“దొరికింది!” అని అరిచాడు తండ్రి.

“ఏం దొరికింది?”

“అదే… జవాబు.”

అన్నీ రైటే. ఒక్క తప్పూ లేదు. తూటా కంచం ఎత్తి నాయనమ్మ నెత్తిన బోర్లించింది.

“నాన్నా, రేపు నేను గెలుస్తానా? జట్టులో ఉంటానా? చెప్పు!”

అవతలి జట్టే పలికింది, గొంతు చించుకుని.

“నర్సమ్మా, పొట్ట కోయించుకున్నవాణ్ణి చెబుతున్నా, ఈ డాక్టరు చేతిలోంచి ఆ కత్తి లాక్కుని, ముందు ఆ పిల్లను పిలిపించండి!”