మొదటి గేరు అల్లుడిదే

"నువ్వే నడపాలి అబ్బాయ్," అంటూ కురిబయాషి తాళంచెవి తీసి సోహెయ్ అరచేతిలో పెట్టి, వేళ్ళు కూడా తనే మూశాడు.

గ్యారేజీ ముందు మడత కుర్చీలు వేసుకుని వీధి వీధంతా కూర్చుని ఉంది. కురిబయాషి సెలూన్లో తల అప్పగించిన ప్రతివాడూ ఈ కారు కథ కనీసం నలభైసార్లు విన్నవాడే. గొంతు మీద కత్తి ఆనించి చెబుతుంటే వద్దనేదెవరు? డెబ్బై నాలుగో సంవత్సరం నాటి సెలికా, ఆవపిండి రంగు. తుప్పు గీకి, సీట్లు కుట్టించి, ఆటోమేటిక్ గేర్‌బాక్సు పీకేసి, దాని చోట చేత్తో మార్చే అయిదు గేర్లది బిగించి, మూడో పెడల్ అమర్చి, పద్దెనిమిది నెలల పాటు ప్రతి ఆదివారం కాబోయే మామా అల్లుళ్ళు దాని కిందే పడుకున్నారు. ఈ రోజు అది మొదటిసారి రోడ్డెక్కాలి.

ఎక్కించాల్సినవాడి జేబులోని లైసెన్సు మీద మాత్రం ఒక చిన్న లైను ఉంది: 'ఆటోమేటిక్ బళ్ళకు మాత్రమే'. దాంతో క్లచ్ బండి తోలడం నేరం. నేరం సంగతి తర్వాత, అసలు తోలడమే రాదు.

పిల్లనడగడానికి వచ్చిన రోజు కురిబయాషి జీతం అడగలేదు, ఊరూ పేరూ అడగలేదు. "క్లచ్ బండి నడపడం వచ్చా?" అని ఒక్కటే అడిగాడు. కంగారులో సోహెయ్ "వచ్చండీ" అనేశాడు. ఆ ఒక్క మాటకే సంబంధం ఖాయమైపోయింది.

"మొదటిసారి మీరే నడపాలి మావయ్యగారూ. కష్టమంతా మీది," అన్నాడు సోహెయ్, తాళంచెవి తిరిగి ఇవ్వబోతూ.

"కష్టం ఇద్దరిదీ. సరదా నీది."

కుర్చీల్లో చప్పట్లు మోగాయి. ఎదురింటి నెగిషి తాత ఏకంగా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏం మనసయ్యా ఈయనది," అన్నాడు పక్కవాళ్ళతో. "సర్కారు వాళ్ళ బండి తనిఖీకి కూడా లారీ మీద ఎక్కించి తీసుకెళ్ళాడు. మొదటి గేరు అల్లుడే వెయ్యాలని ఒకటే పట్టు. నేనైతే కన్నకొడుక్కి కూడా ఇవ్వను."

"క్లచ్ తొక్కడం రానివాడు డ్రైవరే కాదు తాతగారూ," అన్నాడు కురిబయాషి ఛాతీ విరిచి. "స్టీరింగ్ ముందు కూర్చున్న ప్రయాణికుడు. నా అల్లుడు అలాంటి బాపతు కాదు."

కురిబయాషి కూతురు మిచిరు బార్లీ టీ గ్లాసు తెచ్చి సోహెయ్‌కి అందించింది. సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

"చెప్పెయ్," అంది గుసగుసగా.

"ఇంతమందిలోనా?"

"పద్దెనిమిది నెలలు టైమిచ్చాను కదా."

"పెళ్ళి ఆపేస్తారు."

"ఆపితే ఇద్దరం బస్సెక్కి పోదాం. బస్సుకి డ్రైవరుంటాడు."

సోహెయ్‌కి నవ్వు రాలేదు. మిచిరు లేని ఆదివారం ఊహించుకుంటేనే అతనికి ఏడుపొచ్చింది.

కురిబయాషి శుభమని నాలుగు చక్రాల మీదా బియ్యపు సారా సాకే పోశాడు, ఉప్పు చల్లాడు, మిగిలిన సాకే తను ఒక గుక్క వేశాడు. "అకాగి కొండెక్కి సరస్సు దాకా వెళ్ళి రండి, వచ్చేసరికి ఉడోన్ నూడుల్స్ వండి ఉంచుతాం," అని ఆడవాళ్ళు కేకేశారు. మామగారు దర్జాగా ఎడమ సీట్లో కూర్చుని అద్దం పైకెత్తాడు. ఇక తప్పదని సోహెయ్ స్టీరింగ్ ముందు కూర్చుని తాళం తిప్పాడు.

ఇంజను గర్జించింది. వీధి మొత్తం "ఓహో" అంది. ఇన్నాళ్ళూ చక్రాలు గాల్లోకి లేపి ఆడించడమే తప్ప ఆ శబ్దాన్ని నేల మీద ఎవరూ వినలేదు. సోహెయ్ ఎడమ కాలితో క్లచ్‌ని నేలకి అదిమిపెట్టాడు.

"వెయ్యి అబ్బాయ్, మొదటిది."

"మావయ్యగారూ, ఒక్క మాట."

సోహెయ్ లైసెన్సు తీసి మామగారి ఒళ్ళో పెట్టి, తల వంచి నమస్కరించాడు. నుదురు వెళ్ళి హారను మీద పడింది. పాంయ్ అని మోగింది. జనం అది తమకు చేసిన వందనమనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

"నాకు రాదండీ. ఆ రోజు భయపడి వచ్చనేశాను. తిట్టండి, కొట్టండి, సెలూన్లో కూర్చోబెట్టి గుండు గీసెయ్యండి. మిచిరుని మాత్రం ఇవ్వననకండి. అబద్ధం చెప్పి ఈ బండి కదిలించడం నావల్ల కాదు."

కురిబయాషి కళ్ళజోడు పెట్టుకుని ఆ లైను చదివాడు. వేలు పెట్టి ఇంకోసారి చదివాడు. మొహంలో రంగు దిగిపోయింది. బయటివాళ్ళ కోసం తగిలించుకున్న నవ్వు మాత్రం అలాగే ఉంది.

"ఒక్కసారి కూడా నడపలేదా?"

"లేదండీ."

"పొలంలో అయినా?"

"మాది అపార్టుమెంటండీ."

బయట నెగిషి తాత చేతి రుమాలు జెండాలా ఊపుతూ "పోనివ్వండి, పోనివ్వండి" అంటున్నాడు.

కురిబయాషి చొక్కా జేబులోంచి తన లైసెన్సు తీసి, మోకాలి మీద సోహెయ్ కార్డు పక్కనే పెట్టాడు. అదే చోట, అదే లైను.

"హాయిగా తోలుకునే ఆటోమేటిక్‌ని పీకి పారేసింది, నువ్వున్నావన్న ధైర్యంతోనే కదయ్యా," అన్నాడు, జనానికి చెయ్యి ఊపుతూనే.