నీళ్ల పరీక్ష

“ఇదిగో, ఇక్కడ డొల్ల,” అన్నాడు పెద్దాయన, చేతికర్రతో ఆ టైలు మీద ఇంకోసారి కొట్టి.

టక్కుమనాల్సిన టైలు డబ్బుమంది. కుర్ర ఇంజినీరు గుండె కూడా అలాగే చప్పుడు చేసింది. పక్కనే ఉన్న టైల్స్ మేస్త్రి నేలచూపులు చూశాడు.

ఆ పన్నెండంతస్తుల కొత్త భవనంలో ఇంకా అప్పజెప్పాల్సిన ఫ్లాటు ఇదొక్కటే. నంబరు తొమ్మిది వందల రెండు. పాత ఇంజినీరు వేరే సైటుకు పోతూ పోతూ దీన్ని ఈ కుర్రాడికి అంటగట్టాడు. వచ్చి నాలుగు రోజులైనా కాలేదు, ఇక్కడ ఎవరెవరో కూడా తెలీదు. “సాయంత్రంలోగా ఓనరు చేత సంతకం పెట్టించు, పది రోజులు సెలవు తీసుకో,” అన్నాడు మేనేజరు. కూతురు పుట్టి ఇరవై ఒక్క రోజులు. ఇంతవరకు ఫోన్లో చూడటమే తప్ప ఎత్తుకున్నది లేదు. ఐదున్నర బస్సుకు టికెట్టు జేబులో పెట్టుకుని మరీ కూర్చున్నాడు.

అందుకే తొమ్మిదిన్నరకల్లా ఈ దంపతులు గుమ్మంలో నిలబడి “లోపలికి రావచ్చా బాబూ?” అని అడిగితే ఉబ్బితబ్బిబ్బయిపోయాడు.

“అయ్యో, అదేం మాట సార్! మీ కోసమే కాచుకుని ఉన్నా.”

“మా కోసమా!” పెద్దావిడ మురిసిపోయింది. “చూశారా అండీ, ఈ రోజుల్లో కూడా ఎంత మర్యాదో!”

మర్యాద అక్కడితో ఆగితే బాగుండేది. కుర్రాడు హాల్లో కిటికీ తెరిచి, “ఊరంతా కనిపిస్తుంది సార్,” అన్నాడు. “కనిపించనీలే,” అన్నాడు పెద్దాయన, తలెత్తకుండానే. వంటగదిలో అల్మారా తలుపు ఒకటి సరిగ్గా పడటం లేదని కుర్రాడే భయపడుతూ ఒప్పుకున్నాడు. “దానికేముంది నాయనా,” అని పెద్దావిడ దాటి వెళ్లిపోయింది. ఇంత మంచి మనుషులు కూడా ఉంటారా అనుకున్నాడు కుర్రాడు. తీరా నేల దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ కలిసి ప్రాణాలు తోడేశారు.

పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీని హాలు ఈ చివర నుంచి ఆ చివరకు బరబరా లాగింది.

“ఇంత చప్పుడేంటి బాబూ?”

“కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు దొరుకుతాయి అమ్మగారూ.”

“అయితే ఓ ప్యాకెట్టు తెప్పించి ఇక్కడే పెట్టెయ్. మంచాలకి కూడా సరిపోవాలి.”

“అలాగే అమ్మగారూ.”

“వాషింగ్ మిషను పెట్టే చోటెక్కడ?”

“బాల్కనీలో.”

“హమ్మయ్య! పడగ్గది పక్కన కాదు కదా.”

కుర్రాడి జేబులో ఫోను మోగింది. తెలియని నంబరు. ఓనరు ఎదురుగా ఉండగా ఫోనెత్తితే బాగుండదని కట్ చేశాడు. మళ్లీ మోగితే మళ్లీ కట్ చేశాడు.

డొల్ల టైళ్లు నాలుగు తేలాయి. మేస్త్రి గొణుక్కుంటూనే వాటిని పీకి మళ్లీ వేశాడు. ఈలోగా పెద్దావిడ ఎక్కడికో వెళ్లి, పది నిమిషాల్లో ఫ్లాస్కు నిండా టీ తెచ్చింది. మేస్త్రి గొణుగుడు ఆగిపోయింది.

“ఇక అసలు పని,” అన్నాడు పెద్దాయన. “బాత్రూం. నీళ్లు నిలగట్టండి.”

తూముకు గుడ్డ కుక్కి, చీలమండల్లోతు నీళ్లు పట్టారు. గంట ఆగారు.

“నేను కిందికెళ్లి చూసొస్తా, కారుతోందేమో.”

“కింది ఫ్లాటు తాళం వేసి ఉంటుందేమో సార్…”

“ఆ తిప్పలేవో నేను పడతాలే,” అని కర్ర ఊపుకుంటూ వెళ్లి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. “పైపు చుట్టూ చెమ్మ.”

మేస్త్రి పైపు చుట్టూ తవ్వి, త్వరగా గట్టిపడే సిమెంటు మసాలా కూరాడు. ఆరనిచ్చి మళ్లీ నీళ్లు పట్టారు. మళ్లీ గంట. కుర్రాడికి గడియారం చూడాలన్నా భయమేసింది. పెద్దావిడకు అనుమానం వచ్చి, ఏంటి సంగతని అడిగితే కూతురి గురించి చెప్పేశాడు.

“ఇంతసేపూ చెప్పవేం పిచ్చినాయనా! మేం ఊరికే సతాయించడం లేదు. పాత ఇంట్లో పదకొండేళ్లు బాత్రూం కారి, గదికో బకెట్టు పెట్టుకుని బతికాం. రాత్రంతా టప్పు, టప్పు. ఈయన నిద్రమాత్రలు మింగేవారు.”

ఈసారి పెద్దాయన లిఫ్టులోంచి నవ్వుతూ దిగాడు.

“పొడిగా ఉంది! చుక్క లేదు!”

పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. మేస్త్రి చెయ్యి పట్టుకుని, “నీ చెయ్యి చల్లగా ఉండాలి అన్నా,” అంది. పొద్దుటి నుంచి ధుమధుమలాడుతున్న మేస్త్రికి సిగ్గు ముంచుకొచ్చింది. నిజం చెప్పాలంటే, ఇంత పక్కాగా చేసిన బాత్రూం ఈ భవనంలో ఇదొక్కటేనని అతనికి తెలుసు.

టైము నాలుగు. కుర్రాడు అప్పగింత కాగితం, పెన్ను పెద్దాయన ముందు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఫోను మళ్లీ మోగింది. ఈసారి గేటు దగ్గర వాచ్‌మన్.

“సార్, ఎవరో దంపతులు కారు దిగారు. తొమ్మిది వందల రెండు అంటున్నారు. పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నా మీరు ఎత్తడం లేదట.”

“చుట్టాలయ్యుంటారులే, పైకి పంపించు. ఓనర్లు ఇక్కడే ఉన్నారు,” అని ఫోను పెట్టేసి, “ఇక్కడొక్క సంతకం సార్,” అన్నాడు కుర్రాడు.

పెద్దాయన కళ్లజోడు సర్దుకుని కాగితం పై నుంచి కింది దాకా చదివాడు. భార్య వంక చూశాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మాది దీని కింద ఫ్లాటు బాబూ.”